పాత ఇంటికి కొత్త అర్రలు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత తెలుగునాట పిల్లలకు కూడ తెలిసినదే. కట్టిన ఇంటిని పెంచువాడు ఈ రెండు కష్టములను ఒక్కసారే తలకెత్తుకొనును. అతడు ఇల్లు కట్టుచున్నాడు; పాత కట్టడమునకును కొత్త కట్టడమునకును పెండ్లి కూడ చేయుచున్నాడు. ఒకటి రాతితో, మట్టితో, కర్రతో కట్టినది. నేలలో కుదురుకొని ఎన్నో ఏండ్లు గడచినవి. రెండవది సిమెంటుతో, ఇనుముతో కట్టబోవునది. అది నేలలో ఇంకను కుదురుకొనవలెను. ఈ రెంటి స్వభావములు తెలియక ముడిపెట్టినచో ఒకటి రెండు వానకాలములు దాటునప్పటికి గోడలలో పగుళ్ళు కనబడును. తెలిసి కలిపినచో రెండును చిరకాలము నిలుచును.

హైదరాబాదునకు ఉత్తరమున మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో పలు కుటుంబములకు ఈ ప్రశ్న నేడు ఎదురగుచున్నది. నాగపూరునకు పోవు 44వ నంబరు జాతీయ రహదారి మీద మేడ్చల్, కరీంనగరునకు పోవు రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట ఉన్నవి. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఈ రెండు మార్గములను దాటిపోవుచున్నది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఈ రెండును చేరినవి. ఒకప్పుడు పొలముల నడుమ ఉన్న ఊళ్ళు మహానగరమునకు అంచులైనవి. కొత్త భవనముల నడుమ, చుట్టును ఖాళీస్థలము గల పాత ఇండ్లు ఇంకను అక్కడక్కడ మిగిలియున్నవి.

ఉదాహరణకు అటువంటి ఒక ఇంటిని ఊహింపవచ్చును. రెండడుగుల వెడల్పు రాతిగోడలు, మట్టితో కట్టినవి. నాలుగు అర్రలు, పైన టేకు దూలములు, మంగుళూరు పెంకులు. ముందు వరండా, వెనుక విశాలమైన పెరడు, పడమటివైపు ఒక వేపచెట్టు. ఇంటి పెద్దలు ఇద్దరు అందే ఉందురు. కుమారునకు, కోడలికి, చదువుకొను పిల్లలకు మరి రెండు పడక గదులు, వెలుతురు గల వంటగది, లోపలనే స్నానపు గది కావలెను. పాతది పడగొట్టి కొత్తది కట్టుడని ఒకరు చెప్పుదురు. పెంకులు తీసి స్లాబు వేసి, పైన ఒక అంతస్తు లేపుడని మరియొకరు చెప్పుదురు. పెరటిలో పక్కన కట్టుడని మూడవవారు చెప్పుదురు. కుటుంబము కూడబెట్టిన సొమ్ము అంతయు ఈ నిర్ణయము మీద ఆధారపడును. అంతకంటె ముఖ్యముగా, ఆ కప్పు క్రింద నిద్రించువారి ప్రాణములు కూడ దానిపై ఆధారపడియున్నవి. కావున మేస్త్రిని పిలుచుటకు ముందే ఇంటిని పరీక్షించి తెలిసికొనవలెను.

ఇంటిని పరీక్షించుట

మొదట గోడ మందము కొలువవలెను. దర్వాజ వద్ద కొలిచినచో ఇది సులభము. సుమారు 23 సెంటీమీటర్లు ఉన్నచో సాధారణముగా అది ఇటుక గోడ. 45 నుండి 60 సెంటీమీటర్లు ఉన్నచో రాతిగోడయో మట్టిగోడయో అగును. ఒక మూల కొంచెము పూత గీకి చూచినచో రాళ్ళ నడుమ ఉన్నది మట్టియా, సున్నమా, సిమెంటా తెలియును. వ్రేలిగోటితో గీచినంతనే రాలునది మట్టి. తెల్లగ నుండి గట్టిగ గీచిన పొడియగునది సున్నము. గోటికి లొంగక బూడిదరంగుగ నుండునది సిమెంటు.

తరువాత దారమునకు గుండు కట్టి గోడ పైనుండి వ్రేలాడదీయవలెను. గోడ నిలువుగ నున్నచో దారమునకును గోడకును నడుమ ఎడము అంతట సమానముగ నుండును. నడుమ ఎడము తగ్గినచో గోడ పొట్ట ఉబ్బినదని అర్థము. అట్టి గోడ మీద ఏ భారమును పెట్టరాదు.

ఇక పగుళ్ళు. పగులు ఉన్నంత మాత్రమున భయపడనక్కరలేదు. ఎప్పుడో ఏర్పడి ఆగిపోయిన పగులు ఒక రకము, ఇంకను పెరుగుచున్న పగులు మరియొక రకము. ఈ రెంటిని గుర్తించుటకు చవకయైన పద్ధతి కలదు. పగులునకు అడ్డముగా ఒక సన్నని గాజుపలక నుంచి, రెండు చివరలను గచ్చుతో అంటించి, దానిమీద తేదీ వ్రాయవలెను. గోడ ఏ కొంచెము కదలినను గాజు పగులును. ఒక వేసవి, ఒక వానకాలము గడచినను గాజు చెక్కుచెదరనిచో ఆ పగులు నిద్రించుచున్నదని నమ్మవచ్చును. గాజు పగిలినచో పునాదియో, నేలయో ఇంకను కదలుచున్నది. ఆ కారణము కనుగొనకుండ పైపూత పూయుట వృథా.

రాతిగోడ బలము, బలహీనత

పాత రాతిగోడ చూచుటకు ఒకే గోడవలె నుండును. నిజమునకు అది సాధారణముగా రెండు గోడలు. వెలుపలి మొగమునకు ఒక వరుస రాళ్ళు, లోపలి మొగమునకు ఒక వరుస రాళ్ళు పేర్చి, నడుమ చిన్న రాళ్ళతో, మట్టితో నింపెడివారు. మంచి పనివారు ప్రతి వరుసలో అక్కడక్కడ గోడ ఈ మొగమునుండి ఆ మొగమువరకు పోవు పొడవైన రాయి ఒకటి వేసి రెండు పొరలను కట్టివేసెడివారు. ఆ రాయి లేనిచో రెండు పొరలును వేటికవియే. పైనుండి నిలువుగ వచ్చు భారమును అట్టి గోడ మోయగలదు. పక్కకు ఊపినచో రెండు పొరలును విడిపోవును.

దీని ఫలితము దక్కను పీఠభూమి కన్నులార చూచినది. 1993 సెప్టెంబరు 30న తెల్లవారకముందే మహారాష్ట్రలోని లాతూరు, ఉస్మానాబాదు జిల్లాలలో, కిల్లారి గ్రామమువద్ద భూకంపము వచ్చినది. దాని పరిమాణము 6కు కొంచెము పైన. ప్రపంచములోని పెద్ద భూకంపములతో పోల్చిన ఇది మధ్యరకమే. అయినను వేలమంది మరణించిరి. మట్టితో కట్టిన మందపు రాతిగోడలు, వాటిమీది బరువైన మట్టి మిద్దెలు నిద్రించువారిపై కూలుటయే అందుకు ముఖ్యకారణము. మేడ్చల్ ప్రాంతమునకు కూడ భూకంపము కొత్త కాదు. 1983 జూన్ 30న ఇక్కడ 5 కంటె తక్కువ పరిమాణము గల భూకంపము పుట్టి హైదరాబాదు నగరమును కదలించినది. ఇక్కడి నేలకు భూకంపభయము తక్కువయే గాని, బొత్తిగా లేదని అనరాదు.

కిల్లారి తరువాత అచ్చటి ఇండ్లను పడగొట్టకుండ బలపరచుటకు ఇంజనీర్లు ఒక పద్ధతి ప్రచారము చేసిరి. గోడలో సుమారు ఒక మీటరు ఎడముతో రాళ్ళను జాగ్రత్తగా కదలించి, ఈ మొగమునుండి ఆ మొగమునకు రంధ్రము చేసి, అందు కొక్కెము గల ఇనుప చువ్వ నుంచి కాంక్రీటు నింపుదురు. పూర్వపు పనివాడు వేయని పొడవు రాయిని ఈ విధముగా ఇప్పుడు వేసినట్లగును. గోడల తలలమీద, ఇల్లు చుట్టును తిరిగి వచ్చునట్లు ఒక కాంక్రీటు పట్టీ కట్టుదురు. బండిచక్రమునకు ఇనుపకమ్మి ఎట్లో, ఇంటికి ఈ పట్టీ అట్లు. నాలుగు గోడలును వేరువేరుగ ఊగక ఒక పెట్టెవలె కలిసి నిలుచును. పాత ఇంటిని ఉంచదలచినవారు సొమ్మును మొదట ఖర్చు పెట్టవలసినది ఇచ్చట. రంగులకు, నగిషీలకు తరువాత.

పైన కట్టవలెనా, పక్కన కట్టవలెనా?

ఈ ప్రశ్నకు కూడికలు, గుణకారములు చాలును. 4 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు గల ఒక అర్ర వైశాల్యము 20 చదరపు మీటర్లు. మంగుళూరు పెంకుల కప్పు చదరపు మీటరునకు సుమారు 65 కిలోగ్రాములు తూగును. అనగా ఆ అర్ర గోడలు ఇన్నాళ్ళుగ మోసిన కప్పుబరువు, దూలములు విడిచి, సుమారు 1,300 కిలోగ్రాములు మాత్రమే.

దాని స్థానమున 12.5 సెంటీమీటర్ల మందపు స్లాబు వేసినచో కాంక్రీటు 2.5 ఘనపు మీటర్లు పట్టును. చువ్వలతో కూడిన కాంక్రీటు ఘనపు మీటరునకు సుమారు 2,500 కిలోగ్రాములు. కావున స్లాబు ఒక్కటియే 6,250 కిలోగ్రాములు. నివాసగృహములో మనుష్యులు, సామగ్రి నిమిత్తము చదరపు మీటరునకు 200 కిలోగ్రాములు లెక్కించుట ఇంజనీర్ల నియమము. అది 4,000 కిలోగ్రాములు. నేలపలకలు, వాటి క్రింది గచ్చు మరి 2,000 వరకు అగును. పైఅంతస్తు ఇటుక గోడలు, వాటిమీది రెండవ స్లాబు కూడ కలిపినచో మొత్తము 35 నుండి 40 టన్నుల వరకు పోవును. ఒకటి రెండు టన్నుల కప్పుకు అలవాటుపడిన గోడల మీద, పునాది మీద ఇంత భారము మోపుట కొత్త సంగతి. పైగా భూమి కంపించినప్పుడు గోడను పక్కకు త్రోయు బలము పైనున్న బరువును బట్టి పెరుగును. బరువు ఎంత ఎత్తున ఉన్న ముప్పు అంత హెచ్చు.

మట్టి మిద్దె గల ఇంటి లెక్క వేరు. 25 సెంటీమీటర్ల మన్ను చదరపు మీటరునకు 400 కిలోగ్రాములు మించును. అనగా మట్టి మిద్దె కాంక్రీటు స్లాబుకంటె తేలికయైనది కాదు, బరువైనది. ఆ మన్ను తీసివేసి తేలికయైన కప్పు వేయుటయే అట్టి ఇంటికి పెద్ద మేలు.

కావున మట్టితో కట్టిన రాతి ఇంటిపై అంతస్తు లేపుట సాధారణముగా తగదు. పక్కన కట్టుటయే క్షేమము. ఇక్కడి పాత ఇండ్లకు చుట్టును స్థలము ఉండుట ఇందుకు అనుకూలము.

నేల చెప్పు పాఠము

పక్కన కట్టునప్పుడు పునాది మొదటి సమస్య. ఈ ప్రాంతపు అడుగున ఉన్నది సుమారు 250 కోట్ల ఏండ్లనాటి నల్లసేనపు రాయి, దాని జాతి శిలలు. కొన్నిచోట్ల రాయి నేలపైకే పెద్ద గుండ్లుగ తేలియుండును. కొన్నిచోట్ల అది చివికి మొరముగ మారినది. పైన ఎర్రమన్ను, పల్లములలో నల్లరేగడి కనబడును. ఇరువది అడుగుల దూరములోనే ఒక మూల గుండు, మరియొక మూల మెత్తని మన్ను ఉండుట ఇక్కడ వింత కాదు. ఒక స్తంభము రాతిమీద, దాని పక్క స్తంభము మట్టిమీద నిలిచినచో రాతిమీదిది కదలదు, మట్టిమీదిది క్రుంగును. నడుమ గోడ పగులును. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకొని, ప్రతి సంవత్సరము పునాదిని పైకి క్రిందికి ఆడించును. అందువలన కట్టబోవు స్థలమున నాలుగైదు చోట్ల గుంటలు త్రవ్వి, ఏ లోతున గట్టి మొరము తగులునో చూడనిదే పునాది కొలతలు నిర్ణయింపరాదు.

రెండవది, క్రుంగుట. ఏ కొత్త కట్టడమైనను తన బరువుచే నేలను కొంచెము అదిమి కూర్చుండును. కొత్త దూది పరుపుమీద కూర్చున్న పరుపు ఎట్లు అణగునో అట్లే. పాత ఇల్లు ఎప్పుడో కూర్చుండినది. దాని క్రింది నేల అణగవలసినంత అణగినది. కొత్త గది గోడను పాత గోడలోనికి పండ్లు దించి, సిమెంటుతో బిగించినచో, కొత్తది క్రుంగునప్పుడు పాతదానిని కూడ క్రిందికి లాగును. పాత గోడ సాగదు, చీలును.

అందువలన రెంటి నడుమ రెండు మూడు సెంటీమీటర్ల సందు విడిచిపెట్టవలెను. పునాదినుండి కప్పువరకు ఆ సందు ఎక్కడను తెగరాదు. స్లాబు గాని, బీము గాని, నేలపలక గాని దానిని దాటరాదు. అందు మెత్తని, అణగుడు గల పదార్థము నింపి, పైన రేకు మూత వేయుదురు. ఆ రేకునకు ఒకవైపు మాత్రమే మేకులు కొట్టవలెను. రెండువైపులను కొట్టినచో విడదీసినదానిని మరల కట్టివేసినట్లే. ఈ సందు వేసవిలో ఇంకొక పని కూడ చేయును. 10 మీటర్ల కాంక్రీటు స్లాబు ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పెరిగినచో మూడు మిల్లీమీటర్లకు పైగా వ్యాకోచించును. అది సాగుటకు చోటు లేనిచో పాత గోడను త్రోయును.

మూడవది, త్రవ్వుట. పాత గోడ పక్కనే దాని పునాదికంటె లోతుగ కందకము తీయుట మిక్కిలి ప్రమాదము. గోడ క్రింది మన్ను పక్కకు జారును. లోతు తప్పనిచో గోడకు ఊతలు పెట్టి, ఒక మీటరు మేర త్రవ్వి పునాది కట్టిన పిమ్మట, దానికి దూరమున ఇంకొక మీటరు త్రవ్వవలెను. అంతకంటె మంచి ఉపాయము కొత్త స్తంభములను పాత గోడకు ఒకటి రెండు మీటర్లు దూరముగ నిలిపి, బీముల కొనలను మాత్రము పాత ఇంటివైపు చాచుట.

ఈ మూడు సంగతులను ఒకటిగ చూచినచో కొత్త నమూనా దానియంతట అదియే తోచును. పాత ఇంటికి ఆనించి గదులు కట్టక, నడుమ చిన్న ముంగిలి విడిచి, తేలికయైన కప్పు గల నడవతో రెంటిని కలుపవచ్చును. ఆ నడవకు ఇనుప చట్రము, పైన రేకో గాజో చాలును. ముంగిలి పాత అర్రలకును కొత్త గదులకును వెలుతురు, గాలి ఇచ్చును. కొత్త భాగము పాతదానిని అనుకరింపనక్కరలేదు. పాతది రాతిగోడగ, కొత్తది సాదా గీతల కాంక్రీటు ఇల్లుగ వేటి రూపము వాటిది ఉండుటయే అందము.

సున్నము, సిమెంటు

పాత గోడకు కొత్త మెరుగు ఇయ్యవలెనని సిమెంటు పూత పూయుట నేడు సాధారణమైన పొరపాటు. మట్టిగోడ, సున్నపు గోడ నేలనుండి కొంత చెమ్మను పీల్చుకొని, పైపొరనుండి గాలిలోనికి విడిచిపెట్టును. సున్నపు పూతలో సన్నని రంధ్రములు ఉండును గనుక ఆవిరి వెలుపలికి పోగలదు. సిమెంటు పూత దట్టమైనది. అది చెమ్మను లోపలనే నిలుపును. చెమ్మ పైపైకి ప్రాకి, తనతో తెచ్చిన లవణములను గోడలో విడుచును. అవి పలుకులు కట్టి ఉబ్బి, పూతను పెచ్చులుగ ఊడదీయును. అంతలో లోపలి మట్టి మెత్తబడును. పైకి గట్టిగ కనబడు గోడ లోన బలహీనమగును.

హైదరాబాదులోని కుతుబ్‌షాహీ సమాధుల వద్ద 2013లో మొదలైన పునరుద్ధరణలో, 20వ శతాబ్దిలో పూసిన సిమెంటును తొలగించి మరల సున్నపు గచ్చునే పూసిరి. రాజుల సమాధులకు వర్తించు రసాయనశాస్త్రము పల్లెటి ఇంటికిని వర్తించును.

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వద్ద కాల్చినచో బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నము మిగులును. నీరు పోసినచో అది తడిసున్నమగును. గోడకు పూసిన పిమ్మట గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగ తిరిగి గ్రహించి మరల సున్నపురాయి అగును. కావుననే సున్నపు పని గట్టిపడుటకు కాలము పట్టును. కాని సన్నని పగుళ్ళను తానే కొంతవరకు పూడ్చుకొనును.

విచిత్రమేమనగా, సున్నమును గట్టిపరచు ఈ వాయువే కాంక్రీటులోని ఇనుమునకు శత్రువు. 1970, 1980 దశకములలో స్లాబుతో కట్టిన ఇండ్లకు ఈ సంగతి ముఖ్యము. కాంక్రీటులోని క్షారగుణము ఇనుప చువ్వలను త్రుప్పునుండి కాపాడును. బొగ్గుపులుసు వాయువు ఏటేట కాంక్రీటులోనికి చొచ్చి ఆ క్షారమును హరించును. అది చువ్వవరకు చేరి, చెమ్మ కూడ తోడైనచో త్రుప్పు పట్టును. త్రుప్పు ఇనుముకంటె ఎన్నో రెట్లు చోటు ఆక్రమించును గనుక, స్లాబు అడుగున పెచ్చులు రాలి చువ్వలు బయటపడును. అట్టి స్లాబును చిన్న సుత్తితో తట్టిన, చెడినచోట డొల్లగ మ్రోగును. దానిని బాగుచేయనిదే పైన నీళ్ళ ట్యాంకు గాని, గది గాని పెట్టరాదు.

ఎండ, గాలి, వెలుతురు

కొత్త గదుల కిటికీలు ఎటు ఉండవలెను? ఇది సూర్యుడు నిర్ణయించును. ఈ ప్రాంతపు అక్షాంశము సుమారు 17.6 డిగ్రీలు. డిసెంబరు 21న మధ్యాహ్నము సూర్యుడు దక్షిణమున 49 డిగ్రీల ఎత్తున మాత్రమే ఉండును. మార్చి 21న 72 డిగ్రీల ఎత్తునకు వచ్చును. మే రెండవ వారమునను, ఆగస్టు మొదటి వారమునను సరిగ నడినెత్తికి వచ్చును. జూన్ 21న కొంచెము ఉత్తరమునకు జరుగును.

దక్షిణపు కిటికీకి 60 సెంటీమీటర్ల సన్‌షేడు వేసినచో మార్చి మధ్యాహ్నమున దాని నీడ 1.8 మీటర్లు క్రిందికి దిగును. కిటికీ మొత్తము నీడలో ఉండును. డిసెంబరులో ఆ నీడ 70 సెంటీమీటర్లు మాత్రమే దిగును; చలికాలపు ఎండ లోనికి వచ్చును. ఒకే సన్‌షేడు రెండు ఋతువులకు రెండు విధముల మేలు చేయుచున్నది. పడమటి ఎండకు ఈ ఉపాయము పనికిరాదు. సాయంకాలపు సూర్యుడు క్రిందికి దిగి, సన్‌షేడు క్రిందనుండి లోనికి వచ్చును. నిలువెత్తు గాజు తలుపులు నేటి ఇండ్లకు అలంకారమైనవి. కాని పడమటి ముఖమున చదరపు మీటరు గాజుపై వేసవి మధ్యాహ్నము పడు ఎండ అర కిలోవాటుకు మించును. ఒక చిన్న విద్యుత్ పొయ్యి గదిలో వెలిగించినట్లే. గాజు వెలుతురును లోనికి రానిచ్చి, లోపలి వస్తువులు వెలువరించు వేడిని వెలుపలికి పోనియ్యదు. కావున పెద్ద గాజులు ఉత్తరమునకు. పడమటికి మెట్లు, సామాను గది, స్నానపు గది, జాలీగోడ గల వరండా. వానకాలపు గాలులు పడమటినుండి వచ్చును గనుక ఆ జాలీ ఎండను ఆపి గాలిని రానిచ్చును. పడమటి వేపచెట్టును కొట్టి అక్కడ గది కట్టుట అన్నిటికంటె నష్టమైన పని.

పాత ఇల్లు చల్లగ నుండుటకు కారణము కూడ తెలిసికొనదగినది. 60 సెంటీమీటర్ల రాతిగోడ గుండ వేడి లోపలికి చేరుటకు సుమారు 12 గంటలు పట్టును. మధ్యాహ్నపు వేడి అర్ధరాత్రికి గాని లోనికి రాదు. అప్పటికి పెద్దలు మంచములు వాకిటిలో వేసికొనెడివారు. 12 సెంటీమీటర్ల స్లాబు గుండ వేడి మూడు గంటలలోనే దిగును. రెండు గంటలకు కాలిన కప్పు అయిదు గంటలకు గదిని కాల్చును. అందుచే కొత్త స్లాబుకు తెల్లని పూత అవసరము. తెలుపు ఎండలో అధికభాగమును తిప్పికొట్టును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానము ప్రకటించుటకు ఈ సూత్రమే ఆధారము.

నీరు

పాత ఇంటికి నీటికంటె గొప్ప శత్రువు లేదు. 2020 అక్టోబరు 13న కురిసిన అతివృష్టికి హైదరాబాదులో గోడలు కూలి పలువురు మరణించిరి. రహదారి మీద పొరపై పొర వేయగా పాత ఇంటి వాకిలి క్రమముగ పల్లమగును. వీధినీరు గోడ మొదటికి వచ్చును. ఇంటి చుట్టును ఒక మీటరు మేర వాలు పెట్టి, కాలువ తీసి, నీటిని గోడకు దూరముగ పంపవలెను. పాత కప్పుచూరు నీరు కొత్త భాగము మీద పడకుండ దోనె కట్టవలెను. వంటగది, స్నానపు గది వంటి నీటి గదులు అన్నియు కొత్త భాగమునకే పోవలెను. మట్టిగోడలో నీటిగొట్టము పాతుట, దీపపు తీగలకై అడ్డముగ గాడి కొట్టుట కూడదు. వాటిని గోడమీదనే పట్టీలతో బిగించుట మేలు.

శామీర్‌పేట పెద్దచెరువు వంటి చెరువుల సమీపమున ఉన్నవారు హద్దును ముందుగ చూచుకొనవలెను. 2012 నాటి భవన నిర్మాణ నియమములు 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు పూర్తి నీటిమట్టపు హద్దునుండి 30 మీటర్ల మేర కట్టడములను నిషేధించినవి. నిండు సంవత్సరమున చెరువు తన చోటు తాను అడుగును. స్థానిక సంస్థ అనుమతి, కట్టడపు ఇంజనీరు పరీక్ష లేనిదే గోడలో కొత్త దర్వాజ కూడ తెరవరాదు. తెరచినచో మూలకు 60 సెంటీమీటర్లైన దూరముండవలెను. కప్పుకు ఊత పెట్టి, మొదట పైన లింటెలు వేసి, పిమ్మటనే క్రింది రాళ్ళు తీయవలెను.

పాఠశాలలో చేయదగిన పరీక్షలు

ఈ సూత్రములను ఉపాధ్యాయులు తరగతిలో సులభముగ చూపవచ్చును. మొదటిది, సున్నపుతేట గల గ్లాసులోనికి గొట్టముతో ఊపిరి ఊదినచో తేట పాలవలె తెల్లబడును. పాత గోడలో సున్నము రాయి అయిన విధము అదియే. రెండవది, ఒక మట్టి ఇటుకను ఒక సెంటీమీటరు నీటిలో నిలిపి, గంటకు ఒకసారి తడి ఎంత ఎత్తుకు ప్రాకినదో గీత గీయవలెను. మూడవది, ఒకే కొలత గల రెండు రేకు డబ్బాలలో ఒకదానికి తెలుపు, రెండవదానికి నలుపు పూసి, సమానముగ నీరు పోసి ఎండలో పెట్టి, ఉష్ణమాపకముతో చూడవలెను. నాలుగవది, ఒక మీటరు కర్రను నిలువుగ పాతి, నెలకొకసారి మధ్యాహ్నపు నీడను కొలిచి, సూర్యుని ఎత్తును లెక్కించి, తమ ఇంటి కిటికీకి ఎంత సన్‌షేడు చాలునో విద్యార్థులు గీయవచ్చును. పగులుమీద గాజుపలక అంటించి తేదీ వ్రాయుట ఇంటివద్దనే చేయదగిన పని. పెద్దలు కూడ దానిని ప్రతిదినము చూతురు.

ముందు ఊహించిన ఇంటికి మరల వచ్చినచో, ముగ్గురు చెప్పిన మూడు మాటలలో మూడవదే నిలిచినది. పాత నాలుగు అర్రలు పెంకుల క్రిందనే ఉండును. గోడలకు పొడవు రాళ్ళకు బదులు కాంక్రీటు కట్లు, తలపై పట్టీ, మేనికి సున్నపు పూత వచ్చును. ముంగిలికి ఆవల రెండు పడక గదులు, ఉత్తరపు వెలుతురు గల వంటగది, పడమటివైపు స్నానపు గది లేచును. వేపచెట్టు నిలుచును. రెండు ఇండ్ల నడుమ రేకు మూత క్రింద రెండు మూడు సెంటీమీటర్ల సందు ఎవరి కంటను పడదు. కాని కొత్త ఇల్లు నేలలో కుదురుకొనునప్పుడు పాత గోడను కాపాడునది ఆ సందే.